పేరు మనది, అప్పు ఎవరిది?

(మహిళా సంఘాల కార్యకర్తల రెండు రోజుల శిబిరంలో చేసిన ప్రసంగం. అచ్చుకు అనువుగా అక్కడక్కడా సవరించాను.)



నిర్వాహకులు నన్ను "స్త్రీలు - ఆర్థిక అక్షరాస్యత" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ మాటతో నాకు కొంచెం పేచీ ఉంది. చీటీ పాటలో ఎంత తగ్గింది, ఎవరికెంత వాటా వస్తుంది అన్నది కాగితం లేకుండా చెప్పే ఆడవాళ్లు ఈ హాల్లోనే యాభైమంది ఉన్నారు. వాళ్లకు అక్షరాస్యత నేర్పడానికి నేనెవర్ని? అందుకే ఆ అంశం పక్కన పెట్టి, నాకు జరిగిన ఒక అవమానం గురించి, దాని నుంచి నేను నేర్చుకున్న దాని గురించి చెబుతాను.

2024 మే నెలలో మా అమ్మాయి నర్సింగ్ చదువు కోసం అప్పుకు బ్యాంకుకు వెళ్లాను. చదువు రుణంలో పిల్లతో పాటు తల్లో తండ్రో కూడా సంతకం చెయ్యాలి. నేను ఇరవై ఏళ్లుగా జీతం తీసుకుంటున్నదాన్ని. చిన్నదే అయినా నెలనెలా వచ్చే జీతం. ఏ చీటీ వాయిదా తప్పలేదు. మేనేజరు కంప్యూటరు చూసి, గొంతు తగ్గించి, "మేడం, మీ సిబిల్ బాగాలేదు. ఐదు వందల అరవై ఒకటి ఉంది. మా చేతుల్లో ఏం లేదు" అన్నాడు. పక్కన ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆయన మర్యాదగానే చెప్పాడు, కానీ నాకు మాత్రం "మీ నడత బాగాలేదు" అన్నట్టే వినిపించింది.

నాలుగు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఎంతోమంది స్త్రీలకు "భయపడకండి, అడగండి, కాగితం చూపించమనండి" అని చెప్పే నేను, నా కాగితం నేను అడగడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పు విషయంలో మనకు నేర్పిన సిగ్గు అంత లోతైనది. మగవాడికి అప్పుంటే వ్యవహారం, ఆడదానికి అప్పుంటే మచ్చ.

ముందు ఈ సిబిల్ అంటే ఏమిటో నాలుగు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. సిబిల్ 2000లో పుట్టిన ఒక కంపెనీ. ప్రభుత్వ కార్యాలయం కాదు. అలాంటివే ఇంకో మూడున్నాయి: ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. మనకు అప్పిచ్చిన ప్రతి బ్యాంకూ, ఫైనాన్సు కంపెనీ మన చెల్లింపుల లెక్కను వీటికి పంపాలి. అవి ఆ లెక్కల్ని కలిపి 300 నుంచి 900 లోపు ఒక అంకె వేస్తాయి. ఇదంతా 2005లో పార్లమెంటు చేసిన చట్టం కింద నడుస్తుంది. తెలుగులో దీనికి మంచి మాటే ఉంది, పరపతి. ఆ మాటకు అప్పు పుట్టే శక్తి అనీ అర్థమే, నలుగురిలో మాట చెల్లుబాటు అనీ అర్థమే. మన పల్లెల్లో ఆ రెండూ ఎప్పుడూ వేరుగా లేవు. ఇప్పుడు మన పరపతి మన కంటికి కనపడని చోట రాసి ఉంటోంది, అంతే తేడా.

ఆ రాత చూసే హక్కు మనకుంది. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2017 జనవరి నుంచి ఈ నాలుగు కంపెనీల్లో ఒక్కొక్కటీ ఏడాదికి ఒకసారి మన పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. నేను తీసుకున్నాను. తొమ్మిది పేజీలు వచ్చింది. అందులో నన్ను ముంచినవి రెండు పద్దులు. ఒకటి అబద్ధం, ఒకటి నిజం. ఈ రెంటినీ విడదీసుకోవడమే ఈ పనిలో మొదటి మెట్టు. రెండింటికీ మందు వేరు.

అబద్ధం సంగతి ముందు. నేనెప్పుడూ అడుగు పెట్టని ఊళ్లో, ఒక ఫైనాన్సు కంపెనీ నా పేరు మీద 18,400 రూపాయలకు సెల్‌ఫోను అప్పు ఇచ్చింది. మూడు వాయిదాలు కట్టి ఆపేశారు. నా పేరు, నా ఆధార్, నా పుట్టిన తేదీ. ఫోను నంబరు మాత్రం నాది కాదు. అందుకే ఇన్నాళ్లూ నాకు ఒక్క ఫోనూ రాలేదు. ఆధార్ జిరాక్సు ఎక్కడ ఇచ్చానో గుర్తు చేసుకుందామని కూర్చుంటే లెక్క తేలలేదు. సిమ్ కార్డు దుకాణం, లాడ్జి, కొరియరు, శిక్షణ శిబిరాల్లో ప్రయాణ ఖర్చుల బిల్లు. ఆ చివరిది మన సంస్థలే అడుగుతాయి. వందమంది ఆడవాళ్ల ఆధార్ కాపీలు మన ఆఫీసు బీరువా మీద దుమ్ములో పడి ఉంటాయి. ఇకనుంచి కాపీ ఇచ్చేటప్పుడు దాని మీదే ఎందుకిస్తున్నామో, ఏ తేదీనో అడ్డంగా రాసి సంతకం పెట్టండి. చివరి నాలుగంకెలు తప్ప మిగతావి మూసేసిన ఆధార్ కూడా దింపుకోవచ్చు.

జూన్‌లో సిబిల్‌కు ఫిర్యాదు పెట్టాను. రుసుము లేదు. ముప్పై రోజుల్లోపు జవాబొచ్చింది: "రుణదాత ధ్రువీకరించారు, మార్పు లేదు." నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాత అర్థమైంది, ఈ కంపెనీ తనంతట తాను ఏదీ దిద్దదు. అప్పిచ్చినవాణ్ణి అడుగుతుంది, వాడు అవునంటే అవును. కాబట్టి పోరు అప్పిచ్చినవాడితో. ఆ ఫైనాన్సు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. ఈ అప్పు నాది కాదు అని మాత్రమే రాస్తే వాళ్లు పట్టించుకోరు. దరఖాస్తు కాపీ, దానికి అంటించిన ఫొటో, ఫోను ఎవరు తీసుకున్నారో ఆ రశీదు, వాయిదాలు ఏ బ్యాంకు ఖాతా నుంచి పోయాయో ఆ వివరం, ఇవన్నీ ఇవ్వమన్నాను. నెలన్నర వెంటపడితే వచ్చాయి. ఫొటోలో ఉన్నది పాతికేళ్ల అమ్మాయి. నాకు నలభై తొమ్మిది.

పోలీసు స్టేషనుకు వెళ్తే, "మీ డబ్బులేం పోలేదు కదమ్మా, ఇంక కేసేంటి?" అన్నారు. డబ్బు పోనక్కర్లేదు. ఇంకొకరి గుర్తింపు వివరాలను మోసంతో వాడుకోవడమే సమాచార సాంకేతిక చట్టం 66సి సెక్షను కింద నేరం, మూడేళ్ల దాకా శిక్ష ఉంది. ఆ సెక్షను నంబరు కాగితం మీద రాసుకుని రెండోసారి వెళ్లాను, తీసుకున్నారు. సైబరు నేరాలకు 1930 నంబరు ఉంది, ఆన్‌లైనులో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఏదో ఒక రసీదు మాత్రం చేతిలో ఉండాలి.

ఈలోగా వసూలు కుర్రాళ్లకు నా అసలు నంబరు దొరికింది. నేను ఉత్తరం రాయడం వల్లే దొరికింది! "మేడం, ఐదొందలు కట్టండి, ఫైలు క్లోజ్ చేయిస్తాం" అని రోజూ ఫోన్లు. ఎంత మెత్తగా మాట్లాడతారంటే, ఒక సాయంత్రం విసుగొచ్చి కట్టేద్దామనే అనుకున్నాను. ఇక్కడ జాగ్రత్త పడాలి. మనది కాని అప్పుకు ఒక్క రూపాయి కట్టినా, అది మనదే అని ఒప్పుకున్నట్టు వాళ్ల పుస్తకంలో రాసుకుంటారు. చెయ్యని అప్పుకు బేరం లేదు.

ఆగస్టులో ఆ ఫొటో, ఫిర్యాదు రసీదు జతచేసి రెండోసారి పెట్టాను. ఈసారి గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చిన ఒక నియమం నాకు అప్పుడు తెలిసింది. మీరూ గుర్తుపెట్టుకోండి. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే, ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మనకు పరిహారం ఇవ్వాలి. అందులో అప్పిచ్చిన సంస్థకు 21 రోజులు. అది దాటితే తప్పు దానిది, అది సమయానికి పంపినా సిబిల్ లాంటి కంపెనీ ఆలస్యం చేస్తే తప్పు దీనిది. 30 రోజులు కాగానే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాశాను. దానికీ రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. నవంబరు మొదట్లో ఆ పద్దు తీసేశారు. 43 రోజుల ఆలస్యానికి 4,300 రూపాయలు నా ఖాతాలో పడ్డాయి. అప్పటికి మా అమ్మాయి కాలేజీ మొదలై మూడు నెలలు. ఫీజు నా మెడలో గొలుసు తాకట్టు పెట్టి కట్టాను.

ఇక నిజం సంగతి. ఇది చెప్పడం కష్టం. 2019లో మా తమ్ముడు ట్రాలీ ఆటో కొన్నాడు. "అక్కా, సంతకమే గదనే, పైసలు నేను కడ్త గద" అన్నాడు. జామీను సంతకం పెట్టాను. ఆస్తిలో వాటా అడగని అక్కను సంతకం అడగడం తమ్ముళ్లకు చాలా సులువు. కరోనా ఏడాది ఆటో నడవలేదు, వాయిదాలు తప్పాయి, చివరికి ఫైనాన్సు వాళ్లతో మాట్లాడుకుని ఎంతో కొంత తగ్గించి ఒకేసారి కట్టేశాడు. వాడి దృష్టిలో అప్పు తీరిపోయింది. నివేదికలో మాత్రం "సెటిల్డ్" అని ఉంది, వాడి పేరు మీదా, నా పేరు మీదా. చట్టం ప్రకారం జామీనుదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. "క్లోజ్డ్" అంటే మొత్తం తీర్చారని. "సెటిల్డ్" అంటే పూర్తిగా తీర్చలేదు, అప్పిచ్చినవాడు నష్టపోయి వదిలేశాడని. తరువాత అప్పిచ్చేవాళ్లు ఆ ఒక్క మాట చూసి వెనక్కి పోతారు. వసూలు చేసేవాళ్లు ఇది మనకు చెప్పరు. సెటిల్‌మెంటు తప్పనిసరైతే చేసుకోవచ్చు, తిండికి లేనప్పుడు అంకె గురించి ఆలోచించలేం, కానీ ఏం రాస్తారో తెలిసి చేసుకోవాలి.

నిజమైన పద్దును ఎవరూ తుడిచెయ్యలేరు. బస్టాండు గోడల మీద "సిబిల్ క్లియర్ చేయబడును" అని అంటించే కాగితాలు చూస్తున్నాను. ఐదువేలు, పదివేలు తీసుకుంటారు. తప్పు పద్దు దిద్దించడం ఉచితం, నిజమైన పద్దు తీయించడం వాళ్ల వల్ల కాదు. ఇంక వాళ్లకు డబ్బు దేనికి? నేను చేసింది ఒక్కటే. ఫైనాన్సు కంపెనీకి రాసి, తగ్గించిన మిగతా మొత్తం ఎంతో రాతపూర్వకంగా తెప్పించుకుని, తమ్ముడు సగం, నేను సగం కట్టి, బాకీ లేదని కాగితం తీసుకుని, "క్లోజ్డ్" అని మార్పించాను. తమ్ముడు ఆర్నెల్లు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత చిన్న డిపాజిట్టు పెట్టి దాని మీద ఒక కార్డు తీసుకుని, అందులో పావు వంతుకు మించకుండా వాడుతూ గడువుకు ముందే కడుతూ వచ్చాను. ఎనిమిది నెలలకు అంకె ఏడు వందలకు దగ్గరపడింది. పాత ఆలస్యాల గుర్తు ఇంకా ఉంది. కంపెనీలు కనీసం ఏడేళ్లు ఆ చరిత్ర ఉంచాలని నియమం. కనీసం అని గమనించండి. ఏడేళ్లకు దానంతటదే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇంతవరకూ చదువుకున్న, జీతమున్న, రిజిస్టరు పోస్టు పంపగల ఒక ఆడమనిషి కథ. మా మండలంలో నేను పనిచేసే స్త్రీల కథ ఇంత తేలిక కాదు. నా విషయం తేలాక, మా సంఘాల్లో ముప్పైమంది నివేదికలు తీయిద్దామని కూర్చున్నాం. మొదటి రోజే ఆగిపోయాం. నివేదిక కావాలంటే ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఆ ఫోను నంబరు భర్తది, లేదా కొడుకుది, కొందరికి అప్పు ఇప్పించిన ఏజెంటుది! తన పేరు మీద ఎంత అప్పుందో తెలుసుకోవడానికి, ఆ అప్పు చేయించిన మనిషినే అనుమతి అడగాలి. నన్నడిగితే ఈ సమస్యలో ముడి అంతా ఇక్కడుంది. బ్యాంకులో నంబరు మార్పించడంతోనే మాకు రెండు నెలలు గడిచింది. నంబరు లేనివాళ్లకు గుర్తింపు కాగితాలు జతచేసి పోస్టులో అడిగాం.

ఒక అక్క ఉంది, యాభై ఐదేళ్లుంటాయి. పేరు చెప్పను. ఆమె మీద మూడు సూక్ష్మరుణాలున్నాయి. "గా అప్పు నేను తీసుకోలే చెల్లె. మా ఆయన సంతకం పెట్టమన్నడు, పెట్టిన. ఫొటో దిగమన్నరు, దిగిన. పైసలు ఎటు పోయినయో నాకెర్కలేదు" అంది. ఆయన చనిపోయి రెండేళ్లయింది. ఫొటో ఆమెదే, సంతకం ఆమెదే. నా సెల్‌ఫోను అప్పులాగా "ఇది నాది కాదు" అనడానికి లేదు. చట్టం దృష్టిలో అప్పు ఆమెదే. ఆమె ముందు కూర్చుని ఆ మాట చెప్పడం నాకు చేతకాలేదు, కాసేపు ఊరుకున్నాను.

భర్త బతికుండి, బెదిరించి లేదా మోసం చేసి సంతకం పెట్టించిన చోట ఒక దారి ఉంది. 2005 గృహహింస చట్టం 3వ సెక్షనులో ఆర్థిక హింస కూడా హింసే. 20వ సెక్షను కింద నష్టానికి డబ్బు ఇప్పించమని మేజిస్ట్రేటును అడగవచ్చు. మన దగ్గరికి వచ్చే గృహహింస కేసుల్లో దెబ్బల ఫొటోలు తీసుకుంటాం, నగలు, పెట్టిపోతల జాబితా రాసుకుంటాం. ఆమె పేరు మీద ఉన్న అప్పుల నివేదిక మాత్రం ఎప్పుడూ తీసుకోం. రక్షణాధికారికి ఇచ్చే కాగితాల్లో అది కూడా చేర్చాలని నా అభిప్రాయం. భర్తను వదిలి బయటికొచ్చిన మనిషి ఇల్లు అద్దెకు తీసుకుని కుట్టుమిషను కొనుక్కుందామనుకునే రోజున ఆమెకు మొదట ఎదురయ్యేది ఆ కాగితమే.

ఇప్పుడు మనవైపు తప్పు ఒకటి చెప్పాలి. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. అంతకు ముందు జరిగిన వసూళ్ల దౌర్జన్యాలు, ఆత్మహత్యల వార్తలు ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇంటి ముందు కూర్చోవడం, గ్రూపు సభ్యుల చేతే తిట్టించడం. ఆ రోజుల్లో మీటింగుల్లో నేనూ లేచి "కట్టొద్దు" అన్నాను. పార్టీల వాళ్లూ అన్నారు. వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. ఆ మాట తప్పని ఇవాళ కూడా నేననను. పీకల మీద కూర్చున్నవాణ్ణి ముందు లేవగొట్టాలి. కానీ తర్వాతేం జరిగింది? 2011 డిసెంబరులో రిజర్వు బ్యాంకు ఈ సంస్థలన్నీ రుణ సమాచార కంపెనీల్లో చేరాలని నియమం పెట్టింది. "కట్టొద్దు" అన్న మన మాట విన్న ఆడవాళ్లు ఎగవేతదారులుగా నమోదయ్యారు. మీటింగు పెట్టినవాళ్లం మనం. పేరు పోయింది వాళ్లది. ఐదారేళ్ల తర్వాత గేదె కోసం బ్యాంకుకు వెళ్లి వెనక్కి వచ్చిన స్త్రీలు "ఎందుకో ఇయ్యలేదు మేడం" అని మనకే చెప్పారు. మనం బ్యాంకువాళ్లను తిట్టి ఊరుకున్నాం. ఆ నివేదిక ఒక్కసారి తీసి చూద్దామని నాకూ తోచలేదు.

ఇది పాత సంగతి అనుకోవద్దు. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు ఇచ్చింది. అవి మళ్లీ మన వాడల్లోకి వస్తున్నాయి. 2016 నుంచి స్వయం సహాయక సంఘాల్లో ఒక్కొక్క సభ్యురాలి లెక్క కూడా పైకి పంపాలని ఆదేశాలున్నాయి. అంటే సంఘం పేరుతో తీసుకుని లీడరు వాడుకున్న డబ్బు కూడా సభ్యురాలి పేరు మీదికి రావచ్చు. సంఘం తీర్మానం పుస్తకంలో ఎవరికెంత ఇచ్చారో అదే రోజు రాయించండి. సాక్ష్యమంటూ ఉంటే అదే. వసూలుకు వచ్చేవాళ్ల విషయంలో ఒక నియమం తెలిసి ఉండాలి. సూక్ష్మరుణాలకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చెయ్యకూడదు, బెదిరించకూడదు, బూతులు తిట్టకూడదు. వాయిదాలన్నీ కలిపి ఆ కుటుంబ నెలసరి ఆదాయంలో సగానికి మించకూడదన్న నియమం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. మించి ఇచ్చారంటే అప్పిచ్చినవాడే నియమం తప్పాడు. ఆ సంగతి ఫిర్యాదులో రాయాలి.

ఆ అక్క దగ్గరికి మళ్లీ వస్తాను. మూడు అప్పుల్లో ఒకదానికి, అప్పుతో పాటే భర్త మీద బీమా ప్రీమియం కూడా పట్టుకున్నారని కాగితాలు తెప్పిస్తే బయటపడింది. ఆయన చనిపోయాడు కాబట్టి ఆ అప్పు బీమాతో తీరాలి. ఎవరూ ఆమెకు చెప్పలేదు, మరణ ధ్రువపత్రం అడగలేదు. రెండో దాంట్లో ఆమె కట్టిన పదకొండు వాయిదాలు చీటీ పుస్తకంలో ఉన్నాయి, నివేదికలో లేవు. మూడోది కట్టాల్సిందే, నెలకు ఎంత కట్టగలదో రాసి గడువు అడిగాం. మొదటి రెంటి మీద ఫిర్యాదులు పెట్టి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. ఆమె గోడ మీద క్యాలెండరులో ముప్పయ్యో రోజు చుట్టూ బొగ్గుతో సున్నా చుట్టింది. మొన్న వెళ్తే, "ఆ దినం దాటితే రోజుకు నూరు గద?" అని అడిగింది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత వెనక గదిలో కూర్చుందాం. మీ నివేదికలు తీద్దాం. ఆధార్, బ్యాంకు పుస్తకం, మీ సొంత నంబరున్న ఫోను తెచ్చుకోండి. జామీను సంతకాలు పెట్టినవాళ్లు ముందు రండి.